చలికాలంతో పోటీ
శ్రీనగర్-లేహ్ విద్యుత్ లైను పూర్తయి ఏళ్లు గడిచినా మంచుతో పోరు మాత్రం ముగియలేదు

లడఖ్‌లో కరెంటు అవసరం పెరిగేది చలికాలంలోనే. నదుల్లో నీరు తగ్గి నిమ్మూ-బాజ్గో, చుటక్ జలవిద్యుత్ కేంద్రాల ఉత్పత్తి పడిపోయేదీ అప్పుడే. ఆ లోటు తీర్చే లైను వేయడానికి వీల్లేని కాలమూ అదే. శ్రీనగర్-లేహ్ 220 కిలోవోల్టుల లైను చేపట్టిన పవర్‌గ్రిడ్‌కు ఎదురైన అసలు చిక్కు ఇదే.

సుమారు 335 కిలోమీటర్ల ఈ లైనుకు 2014 ఆగస్టులో శంకుస్థాపన జరిగింది. 2019 ఫిబ్రవరిలో ప్రధాని నరేంద్ర మోదీ దాన్ని జాతికి అంకితం చేశారు. చెప్పడానికి నాలుగున్నరేళ్లు. కానీ 11 వేల అడుగులకు పైన ఉన్న జోజీ లా కనుమ అప్పట్లో ఏటా నెలల తరబడి మూతపడేది. ఉక్కు, సిమెంటు, తీగ చుట్టలు, తిండి సామగ్రి అన్నీ దారి తెరిచి ఉన్న కొద్ది నెలల్లోనే చేరాలి.

సామాను చేరినంత మాత్రాన పని సాగదు. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కన్నా తగ్గితే కాంక్రీటు గట్టిపడటం మందగిస్తుంది. తడి ఆరకముందే అందులోని నీరు గడ్డకడితే పునాది లోలోపలే విచ్చిపోతుంది. అందుకే వేడినీళ్లతో కలిపి, పోసిన తర్వాత కప్పి కాపాడాలి. ఇక తీగల సంగతి. చలికి అల్యూమినియం కుంచించుకుంటుంది. వేసవిలో మరీ బిగించి కడితే జనవరి రాత్రుల్లో టవర్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. వదులుగా వదిలేస్తే మంచు బరువుకు తీగ కిందికి జారుతుంది. నేలమీద పేరుకునే మంచేమో పైకి లేస్తుంది. ఈ రెండింటి మధ్య దూరాన్ని ముందే లెక్కగట్టాలి. ఆక్సిజన్ మూడోవంతు తక్కువగా ఉండే ఎత్తులో టవరెక్కే కార్మికుడికి ప్రతి బోల్టూ అదనపు శ్రమే.

నిర్మాణం ముగిసినా హిమపాతాల ముప్పు అలాగే ఉంది. నడిశీతాకాలంలో కనుమ దగ్గర టవర్ దెబ్బతింటే మరమ్మతు బృందం అక్కడికి చేరడమే గగనం. సరఫరా తెగితే మళ్లీ స్థానిక ఉత్పత్తి, డీజిల్ జనరేటర్లే దిక్కు. అదీ అవసరం ఎక్కువగా ఉన్న రోజుల్లో.

ఇప్పుడు అంతకన్నా పెద్ద పరీక్ష ముందుంది. లడఖ్ సౌర, పవన విద్యుత్తును పాంగ్ నుంచి హర్యానాలోని కైథల్‌కు తరలించే 713 కిలోమీటర్ల లైనుకు కేంద్రం 2023 అక్టోబర్‌లో ఆమోదం తెలిపింది. అంచనా వ్యయం రూ.20,773 కోట్లు, గడువు 2029-30. పాంగ్ ఎత్తు జోజీ లా కన్నా వెయ్యి మీటర్లు ఎక్కువే. ఢిల్లీ లెక్కలో ఏడాదికి 12 నెలలు. అక్కడ పనికి చిక్కేవి అందులో కొన్నే.