గంజాయితో తగ్గేది నొప్పా, బాధా?

వైద్యం కోసం గంజాయిని అనుమతించిన అమెరికా రాష్ట్రాల్లో దీర్ఘకాలిక నొప్పులతో బతుకుతున్న 1,661 మందిని 2022లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సర్వే చేశారు. వారిలో 31 శాతం మంది నొప్పికి ఎప్పుడో ఒకప్పుడు గంజాయి వాడామన్నారు. వాడినవారిలో సగానికి పైగా, దాని వల్ల నొప్పి మాత్రలు తగ్గించుకోగలిగామని చెప్పారు. సరిగ్గా అంతకు ఏడాది ముందే, 2021లో, నొప్పి మీద పరిశోధించే శాస్త్రవేత్తల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్‌పీ ఇందుకు భిన్నమైన ప్రకటన చేసింది. ఇప్పుడున్న ఆధారాలతో గంజాయిని నొప్పికి మందుగా సమర్థించలేమని తేల్చింది. రోగుల అనుభవానికీ శాస్త్రజ్ఞుల తీర్పుకూ ఇంత తేడా ఎందుకు వచ్చింది?

నొప్పికి గంజాయి వాడటం కొత్తేమీ కాదు. పాశ్చాత్య వైద్యానికి దాన్ని పరిచయం చేసింది మన కలకత్తాయే. అక్కడి వైద్య కళాశాలలో పనిచేసిన ఐరిష్ డాక్టర్ ఓషానెసీ కీళ్లవాతం, ధనుర్వాతం రోగుల మీద గంజాయి సారాన్ని పరీక్షించి 1839లో ఫలితాలు వెల్లడించాడు. తర్వాత మార్ఫిన్ ఇంజెక్షన్లు, ఆస్పిరిన్ వచ్చాయి. వాటి మోతాదు కచ్చితంగా కొలవవచ్చు. గంజాయి బలం మాత్రం ఒక్కో మొక్కకు ఒక్కో రకంగా ఉండేది. అలా అది మందుల జాబితాల్లోంచి జారిపోయింది. అందులో మత్తు కలిగించే టీహెచ్‌సీని విడదీసి దాని నిర్మాణం తేల్చింది 1964లో, ఇజ్రాయెల్ రసాయనవేత్తలు మెషూలమ్, గావోని.

శరీరంలోనే ఉన్న ఏర్పాటు

టీహెచ్‌సీ అతుక్కునే సీబీ1 అనే గ్రాహకం నాడీకణాల మీద ఉందని 1988లో తేలింది. ఆ గ్రాహకం మన శరీరంలో ఎందుకుంది? 1992లో జవాబు దొరికింది. టీహెచ్‌సీ చేసే పనినే చేసే ఆనందమైడ్ అనే పదార్థాన్ని మన మెదడే తయారు చేసుకుంటోంది.

దీని పనితీరు చిత్రంగా ఉంటుంది. సాధారణంగా నాడీ సంకేతం ఒక కణం నుంచి తర్వాతి కణానికి, ఒకే దిశలో పోతుంది. ఆనందమైడ్ వంటివి వెనక్కి ప్రయాణిస్తాయి. ట్యాంకు నిండగానే మేడ మీది నుంచి ‘మోటారు ఆపండి’ అని కేక వేసినట్టు, సంకేతం అందుకున్న కణం పంపిన కణానికి ‘ఇక చాలు’ అని కబురు పెడుతుంది. నొప్పి వార్తను మోసే వెన్నుపాములోనూ, ఆ వార్తకు అర్థం చెప్పుకునే మెదడు భాగాల్లోనూ ఈ ఏర్పాటు ఉంది. శ్వాసను నడిపించే మెదడు కాండంలో మాత్రం సీబీ1 గ్రాహకాలు చాలా తక్కువ. మార్ఫిన్ జాతి మందులు మోతాదు మించితే ఊపిరి ఆగిపోతుంది, గంజాయితో అలా జరగకపోవడానికి ఇదే కారణం.

మరి నొప్పి మీద దీని ప్రభావమెంత? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం ఇక్కడ ఆసక్తికరం. ఆరోగ్యవంతులైన 12 మంది మగవారి కాలి మీద మిరపకాయల్లో మంట పుట్టించే కాప్సైసిన్ పూసి, టీహెచ్‌సీ మాత్ర ఇచ్చి, మెదడును స్కాన్ చేశారు. మాత్ర వేసుకున్నవారు మంట తీవ్రత పెద్దగా తగ్గలేదన్నారు. కానీ అది తమను అంతగా వేధించడం లేదన్నారు. అదీ అందరిలో ఒకేలా లేదు. నొప్పి అక్కడే ఉంది, దాని పట్ల మనసు పడే యాతన తగ్గింది. ఏళ్ల తరబడి నిద్రలేక విసిగిపోయిన రోగికి ఆ మాత్రం ఊరట కూడా పెద్దదే. ‘నాకు పనిచేసింది’ అని రోగులు చెప్పేది అబద్ధం కాదు.

ఉత్తుత్తి మందుతో పోల్చి చూస్తే

అయితే ఆ ఊరటలో గంజాయి వాటా ఎంతో తేలాలంటే, కొందరికి అసలు మందు, కొందరికి అలాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చాలి. అలాంటి అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణలో, గంజాయి మందులు తీసుకున్నవారిలో 29 శాతం మందికి నొప్పి కనీసం 30 శాతం తగ్గింది. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలోనూ దాదాపు 26 శాతం మందికి అంతే తగ్గింది. అంటే ఒకరికి అదనంగా మేలు జరగాలంటే 24 మందికి మందివ్వాలి. కళ్లు తిరగడం, మగత, తికమక వంటి ఇబ్బంది మాత్రం ప్రతి ఆరుగురిలో ఒకరికి అదనంగా వచ్చింది.

నడుము నొప్పి ఉన్న 820 మందిపై ఒక జర్మన్ కంపెనీ గంజాయి సారంతో జరిపిన పరీక్ష ఫలితాలు 2025లో వెలువడ్డాయి. పది పాయింట్ల కొలబద్దపై ఆ సారం తీసుకున్నవారి నొప్పి సగటున 1.9 పాయింట్లు తగ్గింది. ఉత్తుత్తి మందు కంటే అదనంగా తగ్గింది 0.6 పాయింట్లే. ప్రభావం ఉంది, కానీ చిన్నది. మిగతా తగ్గుదలలో, తగ్గుతుందన్న నమ్మకానికీ వాటా ఉంది.

ఓపియాయిడ్ల స్థానంలో?

గంజాయి మీద పెద్ద ఆశ ఒకటుండేది. మనుషుల ప్రాణాలు తీస్తున్న ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి) మాత్రల స్థానాన్ని అది తీసుకుంటుందని. వైద్య గంజాయి చట్టాలున్న అమెరికా రాష్ట్రాల్లో 1999–2010 మధ్య ఓపియాయిడ్ మరణాలు 24.8 శాతం తక్కువగా ఉన్నాయని 2014లో ఒక పరిశోధన చెప్పింది. ఆ వార్త ఊరూవాడా పాకింది. 2019లో మరో బృందం అదే లెక్కను 2017 వరకు పొడిగించి చూస్తే ఫలితం తలకిందులైంది. ఆ రాష్ట్రాల్లో మరణాలు 22.7 శాతం ఎక్కువగా తేలాయి. మరణాలు పెరగడానికి గంజాయే కారణమని దీని అర్థం కాదు. అంతకుముందు తగ్గింది కూడా దాని వల్లేనని చెప్పలేమని అర్థం.

రోగులను ఏళ్ల తరబడి వెన్నంటి చూసిన అధ్యయనం ఆస్ట్రేలియాలో జరిగింది. నొప్పికి ఓపియాయిడ్లు వాడుతున్న 1,514 మందిని నాలుగేళ్లు గమనించారు. గంజాయి వాడినవారికి నొప్పి తగ్గిందని గానీ, ఓపియాయిడ్లు తగ్గాయని గానీ ఆధారం కనిపించలేదని 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్‌లో రాశారు.

దాచకండి

ఇప్పటికే నొప్పికి వైద్యం పొందుతున్నవారికి గంజాయి వేరే చిక్కులు తెస్తుంది. గంజాయిలోని మరో పదార్థం సీబీడీ, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ కాలేయంలో విచ్ఛిన్నం కాకుండా అడ్డుపడుతుంది. దాంతో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఓపియాయిడ్లు, నిద్రమాత్రలతో కలిస్తే మగత పెరుగుతుంది, పెద్దవారు తూలి పడవచ్చు. రోజూ వాడేవారికి ఆపరేషన్‌లో మత్తుమందు ఎక్కువ పట్టవచ్చు. అందుకే ఆపరేషన్‌కు వచ్చే ప్రతివారినీ గంజాయి వాడకం గురించి అడగాలని అమెరికా మత్తు వైద్యుల సంఘం ఒకటి 2023లో మార్గదర్శకాలిచ్చింది. గమ్మీల (నమిలే మిఠాయిల) రూపంలో తింటే ప్రభావం మొదలవడానికి గంట, రెండు గంటలు కూడా పట్టవచ్చు. ‘ఏమీ కాలేదే’ అని రెండోది వేసుకుని ఆసుపత్రి పాలయ్యేది ఇలాగే.

అమెరికాలోని మనవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం అనుమతించలేదు. పౌరసత్వం లేనివారి వలస దరఖాస్తుల్లో గంజాయి వాడకం అడ్డంకి కావచ్చు. అమ్మకో నాన్నకో మోకాళ్ల నొప్పులకని టీహెచ్‌సీ గమ్మీలు పెట్టెలో వేసుకొస్తే, భారత్‌లో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద అది నేరం.

గంజాయి నొప్పికి దివ్యౌషధం కాదు. కొందరిలో, ముఖ్యంగా నరాల నొప్పుల్లో, కొంత ఊరటనిచ్చే బలహీనమైన మందు మాత్రమే. మీరో మీ ఇంట్లోవాళ్లో ఏ రూపంలో వాడుతున్నా, ఏమనుకుంటారోనని మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి. డాక్టర్లూ కోప్పడకుండా అడగాలి. తెలియని మందుకు లెక్క కట్టి మరో మందు రాయడం ఏ డాక్టరుకూ సాధ్యం కాదు.