సంధివిచ్ఛేదము – యంత్రభాషానువాదము

సంస్కృత సంధివిచ్ఛేదమునకై ఫ్రాన్సు దేశీయుడు జెరార్ హ్యూయే రచించిన ప్రోగ్రాము ఓకామెల్ భాషలో నున్నది. దాని మూలపాఠము ఎల్లరకు లభ్యము. హైదరాబాదు విశ్వవిద్యాలయమున రూపొందిన ‘సంసాధనీ’ దీనిని తన విశ్లేషణతో అనుసంధించుకొన్నది.

ఓకామెల్‌కు కంపైలర్లు రెండు. ఒకటి బైట్‌కోడును పుట్టించును. దానిని నడుపుటకు నడుమ నొక దుబాసి వలయును. రెండవది నేరుగా యంత్రభాషనే పుట్టించును. కావున వేగము హెచ్చు. ఈ వేగ మేల? సవర్ణదీర్ఘమున ఒక్క ‘ఆ’కారము అ+అ, అ+ఆ, ఆ+అ, ఆ+ఆ అని నాలుగు విధముల విడివడవచ్చును. అట్టి స్థానములు మూడున్నచో వికల్పములు 64.

అయితే యంత్రభాష ప్రాసెసరు జాతిని బట్టి మారును. ఒకదానికై సిద్ధపరచినది వేరొకదానిపై నేరుగా నడువదు. మూలపాఠమునుండి మరల అనువదింపవలెను. మూలపాఠము చేత నున్నచో తార్నాక చెంతనున్న ఉస్మానియా ప్రాంగణమునందైనను, మారుమూల ప్రాచ్య కళాశాలయందైనను అధ్యాపకుడు దానిని తన కంప్యూటరుకు తగినట్లు సిద్ధపరచుకొని, ప్రతి వికల్పమును పాణినీయముతో సరిచూడవచ్చును.