ఎండల్లో ఆర్కిడ్‌కు నీళ్లు

రాజవొమ్మంగి నుంచి అడ్డతీగల, మారేడుమిల్లి దాకా పరుచుకున్న కొండల్లో ముదురు మామిడిచెట్లనూ మద్దిచెట్లనూ తలెత్తి చూస్తే కొమ్మల పంగల్లో ఆర్కిడ్లు కనిపిస్తాయి. దళసరి ఆకుల వాండా టెసెలేటా, ఊదా చుక్కల తెల్లపూలతో గుత్తి గుత్తంతా కిందికి వేలాడే రింకోస్టైలిస్ రెటూసా, చలికాలంలో ఆకులు రాల్చేసి ఒట్టి కాడల మీదే పూసే డెండ్రోబియం ఆఫిల్లం ఈ తూర్పు కనుమల్లో సహజంగా పెరిగేవే. వాటికి మట్టి లేదు, నీళ్లు పోసే మనిషి లేడు. చెట్టుమీద ఉంటాయి కాబట్టి వాటినీ బదనికలే అనుకుంటారు చాలామంది. కానీ అవి చెట్టు రసం ఒక్క చుక్క తాగవు, కొమ్మను ఆధారం చేసుకుంటాయి, అంతే. ఏప్రిల్, మే ఎండల్ని అలాగే దాటేస్తాయి. అదే ఎండల్లో కాకినాడలోనో హైదరాబాద్‌లోనో కడియం నర్సరీ నుంచి ముచ్చటపడి తెచ్చుకున్న మొక్కకు రోజుకు మూడుసార్లు స్ప్రే కొట్టినా కొద్ది వారాలకే మొవ్వు కుళ్లిపోతుంది. మనం నీళ్లు ఆకుకు పెడుతున్నాం, మొక్క తాగేదేమో వేరుతో. వేరును బాగా తడిపి, ఆపైన గాలికి ఆరనివ్వడం తెలిస్తే ఎండాకాలపు ఆర్కిడ్ పెంపకంలో ముప్పాతిక వంతు తెలిసినట్టే.

గాలిలో వేలాడే వాండా వేరును దగ్గరగా చూడండి. పొడిగా ఉన్నప్పుడు బూడిద కలిసిన తెలుపు, కొసన మాత్రం పచ్చటి మొన. దానిమీద నీళ్లు పోస్తే చూస్తుండగానే తెలుపు పోయి పచ్చదనం పైకి వస్తుంది. ఆ తెల్లటి పొర పేరు వెలమెన్. అందులోవన్నీ జీవం పోయిన, లోపల ఖాళీగా ఉన్న కణాలు. అవి స్పాంజ్‌లా నీటిని పట్టుకుని లోపలి సజీవ కణాలకు అందిస్తాయి. గెర్హార్డ్ జోట్జ్, ఉవే వింక్లర్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ పొర నీటిని సెకన్లలో పీల్చేస్తుంది, పట్టుకున్న తడిని కోల్పోవడానికి గంటలు తీసుకుంటుంది. వాన మొదలవగానే కొమ్మమీది దుమ్మునూ పక్షిరెట్టలనూ కడుగుతూ జారే తొలినీళ్లలోనే పోషకాలు ఎక్కువ. ఆ తొలినీళ్లను చేజారనివ్వకుండా పట్టుకోవడానికి తగ్గట్టే వేరు తయారైంది. మామిడి జల్లు అరగంట కురిసి వెలిస్తే కొండచెట్టు మీది వేరు పూర్తిగా తడుస్తుంది, వెంటనే గాలికి ఆరడం మొదలెడుతుంది. అడవిలో మొక్కకు దొరికేది ఈ రెండూ కలిసిన వరస. కుండీలో మనం ఇవ్వనిది కూడా ఇదే.

కొండల్లో పొగమంచు ఉంటుంది కదా, స్ప్రే కొడితే తప్పేమిటి అంటారు. పొగమంచు గంటల తరబడి ఉంటుంది, దానితోపాటు గాలి కదులుతూ ఉంటుంది. మన స్ప్రే సీసా తెచ్చే తేమ మండే గాలిలో నిమిషాల్లో ఆవిరైపోతుంది. పైగా ఈ మొక్కల ఆకుల తీరు వేరు. వాండా, ఫెలనాప్సిస్, దళసరి ఆకుల డెండ్రోబియం లాంటివి పగలు ఆకు రంధ్రాలను దాదాపు మూసేసుకుని, రాత్రి తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. నీటిని పొదుపు చేసుకునే పద్ధతి ఇది. పగలు నీటిని ఆవిరిగా వదలవు కాబట్టి నేరుగా ఎండ పడితే ఆకు తనను తాను చల్లబరచుకోలేక కాలిపోతుంది. అందుకు మందు నీడ. వాండాకు 50 శాతం, ఫెలనాప్సిస్‌కు 70 శాతం పైబడిన షేడ్‌నెట్ చేసే మేలు పది స్ప్రేలు చెయ్యవు. సాయంత్రం కొట్టిన తుంపర ఫెలనాప్సిస్ ఆకుల మధ్య మొవ్వులో నిలిస్తే రాత్రికి రాత్రే కుళ్లు మొదలవ్వొచ్చు. అలా నిలిచిన నీటిని దూదితోనో టిష్యూ కాగితంతోనో అద్ది తీసెయ్యాలి. కాకినాడ, విశాఖల్లో వేసవి గాలిలోనే బోలెడు తేమ ఉంటుంది, కొరత గాలి కదలికకు. అక్కడ చిన్న ఫ్యాను పెట్టడం మేలు. మధ్యాహ్నం తేమ 30 శాతానికి దిగువకు పడిపోయే హైదరాబాద్‌లో గాలి తడి పెరగాలన్నది నిజమే. దానికి మొక్కలను గుంపుగా పెట్టడం, పొద్దున్నే నేలను తడపడం స్ప్రే కన్నా నమ్మదగ్గవి.

వాండాకు కుండీయే ఉండదు, ఎండల్లో గంటలో ఆరిపోతుంది, స్ప్రే చెయ్యకపోతే ఎలా అనే ప్రశ్నలో మాత్రం బలం ఉంది. దానికి ఎండాకాలంలో రోజూ నీళ్లు కావాలి, వడగాలి రోజుల్లో రెండుపూటలా కావాలి. కానీ అది తుంపరగా సరిపోదు. వేళ్లు కొస దాకా పచ్చబడేవరకూ పోయాలి, లేదా పావుగంట బకెట్‌లో ముంచి తియ్యాలి. రెండోపూట తడి కూడా చీకటి పడేలోగా ఆకుల మీద ఆరిపోవాలి. బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొప్ప ముక్కలు నింపిన కుండీలోని మొక్కలకు ఉదయం ఆరు, ఎనిమిది మధ్య, అడుగు రంధ్రాల నుంచి ధారగా కారేదాకా పోసి వదిలెయ్యాలి. కుండీ ఎత్తి చూడండి, బరువు తేలికైతేనే మళ్లీ నీళ్లు. రెండు రోజులకో మూడు రోజులకో అన్నది కుండీయే చెబుతుంది, క్యాలెండర్ చెప్పలేదు. కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచితే ఎంత మంచి మొక్కయినా దక్కదు. బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్లలో ఆకుల మీద తెల్ల మచ్చలు, కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తాయి. అక్కడ వాననీళ్లు పట్టి దాచుకోవడం శ్రమే అయినా తప్పదు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిలో లవణాలు ఇంకా ఎక్కువ, అవి అసలు వద్దు.

ఎరువు విషయంలోనూ అడవి చెప్పేది అదే: అతి పలచగా, తడితోపాటు. దుకాణాల్లో దొరికే, నీటిలో కరిగే 19:19:19 ఎరువు లీటరుకు అర గ్రాము చాలు, వారానికి ఒకసారి. ముందు మామూలు నీళ్లతో వేళ్లు తడిపి, ఆ తర్వాతే ఎరువు నీళ్లు పొయ్యాలి. పొడివేరు మీద పడిన లవణం వెలమెన్ పొరలోనే చిక్కబడి వేరును కాల్చేస్తుంది. నెలకోసారి ఎరువు లేని నీళ్లతో కుండీని బాగా కడగాలి. ఎండ 38 డిగ్రీలు దాటి మొక్క కొత్త ఆకు, కొత్త వేరు వెయ్యడం ఆపేస్తే ఎరువూ ఆపెయ్యాలి. తిండి పెడితే తట్టుకుంటుందని ఆ రోజుల్లోనే మోతాదు పెంచేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. బియ్యం కడిగిన నీళ్లు, మజ్జిగ, అరటితొక్కల నీళ్లు ఖర్చులేని ఎరువులు కదా అంటారు. మట్టిలో పెరిగే గులాబీకి అవి పనికొస్తాయేమో. మట్టి లేని ఆర్కిడ్ కుండీలో ఆ గంజి, ఆ పులుపు బొగ్గుకూ పీచుకూ పట్టి బూజునూ దోమల్లాంటి చిన్న పురుగులనూ తెస్తాయి.

ఇంత తంటా ఎందుకు, ఎండకు అలవాటుపడిన అడవి మొక్కనే కొండ నుంచి తెచ్చుకుంటే పోదా అనే మాట మిగిలింది. ఆ మొక్క వేళ్లు బెరడుకు గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఊడబెరికేటప్పుడు చిరిగేవి అవే, నీళ్లు తాగాల్సినవీ అవే. అలా తెచ్చిన మొక్క ఇంట్లో కోలుకోవడం కష్టం, అడవిలోనేమో ఆ చోటు ఖాళీ అవుతుంది. ఆర్కిడ్ జాతులన్నీ అడవి మొక్కల, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం రక్షణ కింద ఉన్నవే. రాజవొమ్మంగి వెళ్లినప్పుడు వాటిని చెట్టుమీదే చూడండి, ఫొటో తీసుకోండి. పెంచుకోవడానికి మాత్రం నర్సరీలో టిష్యూకల్చర్ మొక్కనే అడిగి తీసుకోండి.