రికార్డులో ఆలోచనకు చోటు

ప్రయోగశాల రికార్డు అంటే విద్యార్థి ఏం చేశాడో, ఏం చూశాడో, చూసినదాని నుంచి ఏం గ్రహించాడో తేదీ వేసి రాసుకునే పుస్తకం. ఆత్మకూరు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల కళాశాలల్లో బైపీసీ చదివేవారికి అది బాగా తెలిసిన వస్తువే. ఎడమవైపు గీతల్లేని తెల్ల పేజీ బొమ్మకు, కుడివైపు గీతల పేజీ రాతకు. ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలన, ఫలితం అనే శీర్షికలు వరసగా ఉంటాయి. చివర అధ్యాపకుడి సంతకం.

ఈ శీర్షికల్లో లోపమేమీ లేదు. లోపమంతా వాటిని నింపే పద్ధతిలో ఉంది. సీనియర్ల రికార్డు ముందుపెట్టుకొని, పాఠ్యపుస్తకంలోని బొమ్మను అందంగా దించి, ఫలితం గడిలో రావాల్సిన జవాబు రాసేస్తే పుస్తకం నిండుతుంది. కానీ ఆ విద్యార్థి స్లైడులో నిజంగా ఏం చూశాడో అందులో ఎక్కడా కనిపించదు. ఆలోచనతో రాసే రికార్డు ఈ లోటును పూడుస్తుంది. చూసింది చూసినట్టు రాయడం, అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఎందుకు వచ్చిందో వెతకడం, మళ్లీ చేస్తే ఏం మార్చాలో నిర్ణయించుకోవడం దాని మూడు పనులు. విద్యలో ఇలాంటి ఆలోచనకు ఉన్న విలువను అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ 1910లోనే వివరించాడు. పని చేస్తూనే ఆ పని గురించి ఆలోచించడం వృత్తి నైపుణ్యానికి మూలమని డొనాల్డ్ షాన్ 1983లో వాదించాడు.

కణశాస్త్రం రాతలోనే పెరిగింది

కణాల గురించిన జ్ఞానమంతా జాగ్రత్తగా రాసిన, గీసిన పరిశీలనల మీద నిలబడింది. రాబర్ట్ హుక్ 1665లో బెరడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, కనిపించిన ఖాళీ గదులను ఉన్నవి ఉన్నట్టు గీశాడు. జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండర్ డింభకాల కణాలకు రంగు వేసి పరిశీలించి, కణ విభజన దశలను చిత్రాలతో సహా 1882లో ప్రచురించాడు. రంగు వేసిన కణాలు చచ్చిపోయినవి, కదలనివి. ఏ దశ తర్వాత ఏ దశ వస్తుందో స్లైడు చెప్పదు. వందల బొమ్మలు గీసి, పోల్చి, బతికున్న కణాలతో సరిచూసుకొని ఆయన ఆ వరసను నిర్ధారించాడు.

అనుకున్నట్టు రాని ఫలితాన్ని కొట్టిపారేయకపోతే ఏం దక్కుతుందో తెలుగువారి చరిత్రలోనే ఉదాహరణ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని వారిద్దరూ 1925లో ప్రచురించారు. అదే పద్ధతిని కండరానికి వాడినప్పుడు నీలిరంగు మామూలు వేగంతో రాలేదు. ఆలస్యంగా మొదలై, సమయం గడిచేకొద్దీ చిక్కబడింది. పద్ధతిలోనే ఏదో తేడా ఉందని సరిపెట్టుకొని ఒక అంకె రాసేస్తే కథ అక్కడితో ముగిసేది. ఆ ఆలస్యానికి కారణం వెతికితే, కండరంలో తేలిగ్గా విడిపోయే ఒక ఫాస్ఫరస్ సమ్మేళనం ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లో వారూ, జర్మనీలో కార్ల్ లోమన్ విడివిడిగా గుర్తించారు. నేడు ఇంటర్ విద్యార్థి శ్వాసక్రియ పాఠంలో చదివే ఏటీపీ వెనుక, సరిపోని రంగును పట్టించుకున్న శ్రద్ధ ఉంది.

పేజీలో ఏం ఉండాలి

ఆలోచనతో రాసే రికార్డుకు కొత్త పుస్తకం అక్కర్లేదు. ఉన్న శీర్షికలకు నాలుగు చేర్పులు చాలు.

మొదటిది అంచనా. ప్రయోగం మొదలుపెట్టకముందే ఏం కనిపిస్తుందని అనుకుంటున్నారో, ఎందుకు అలా అనుకుంటున్నారో రెండు వాక్యాల్లో రాయాలి. అంచనా ముందు రాస్తేనే వచ్చిన ఫలితాన్ని దానితో పోల్చి చూడగలరు.

రెండోది పరిస్థితులు. తేదీ, వేళ, గది వేడి, వాడిన నీరు, రంగు ఎన్ని నిమిషాలు ఉంచారు, ఏ కటకంతో చూశారు అనే వివరాలు. చిన్నవిగా కనిపించినా, ఫలితం తేడాపడినప్పుడు కారణం దొరికేది సాధారణంగా వీటిలోనే.

మూడోది పరిశీలననూ నిర్ధారణనూ విడిగా రాయడం. "కణం మధ్యలో ముదురు రంగు గుండ్రని భాగం ఉంది" అన్నది పరిశీలన. "అది కేంద్రకం" అన్నది నిర్ధారణ. నల్లటి మందపు అంచుతో మెరిసే గాలిబుడగను కణంగా లేబుల్ చేసే పొరపాటు కొత్తవారిలో చాలా ఎక్కువ. రెండూ విడిగా రాసే అలవాటున్నవారు బుడగను తేలిగ్గా పట్టుకుంటారు. ఆ అంచు కణకవచంలా ఉందా, పక్క కణాలతో కలిసి ఉందా అన్న ప్రశ్న వాళ్లకు రాస్తుండగానే తడుతుంది.

నాలుగోది సమీక్ష. అంచనాకూ ఫలితానికీ తేడా ఏమిటి, దానికి కారణం ఏమై ఉండొచ్చు, ఆ కారణం నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి, మళ్లీ చేస్తే ఏ ఒక్కటి మార్చాలి అనే ప్రశ్నలకు జవాబులు. "మానవ తప్పిదం వల్ల ఫలితం రాలేదు" అనే వాక్యం సమీక్ష కాదు. ఎవరు, ఏ మెట్టులో, ఏం చేయడం వల్ల అన్నది చెప్పకపోతే దానితో తర్వాతి ప్రయోగం బాగుపడదు.

ఉల్లి వేరు కొన: ఒక ఉదాహరణ

దేవరకద్ర మార్కెట్ ఉల్లిగడ్డలకు పేరు. అలాంటి ఒక గడ్డ అడుగున ఎండిన పాత వేళ్లను గీకేసి, నీళ్లు నిండిన గ్లాసు మూతిపై పెడితే రెండు మూడు రోజుల్లో కొత్త తెల్లని వేళ్లు దిగుతాయి. పొద్దున వేళ కొనలు కత్తిరించి, ఒక వంతు అసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచుతారు. తర్వాత పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొద్దిగా వేడిచేసి, అసిటోకార్మిన్ రంగు వేసి, కవర్ స్లిప్ కింద మెల్లగా నొక్కితే కణాలు ఒక పొరగా పరుచుకుంటాయి. ఉల్లి కణంలో 16 క్రోమోజోములు ఉంటాయి. అవి పెద్దవి కావడం వల్ల సమ విభజన చూడటానికి ఉల్లిని మించింది దొరకడం కష్టం.

మామూలు రికార్డులో ప్రథమ దశ, మధ్యస్థ దశ, చలన దశ, అంత్య దశ అని నాలుగు బొమ్మలు ఉంటాయి. ఆలోచనతో రాసే రికార్డు లెక్కతో మొదలవుతుంది. ఒక విద్యార్థి 200 కణాలు లెక్కించాడనుకుందాం. వాటిలో 14 ప్రథమ దశలో, 4 మధ్యస్థ దశలో, 3 చలన దశలో, 3 అంత్య దశలో ఉన్నాయనుకుందాం. మొత్తం 24 కణాలు విభజనలో ఉన్నాయి. 24ను 200తో భాగించి 100తో గుణిస్తే విభజన సూచిక 12 శాతం. ప్రథమ దశ కణాలే ఎందుకు ఎక్కువ అని సమీక్షలో అడిగితే జవాబు తేలిగ్గా తడుతుంది: ఎక్కువసేపు సాగే దశలోనే ఏ క్షణంలోనైనా ఎక్కువ కణాలు దొరుకుతాయి. నిశ్చలమైన స్లైడు నుంచి కాలం గురించి తెలుసుకునే మార్గం ఇది.

ఒక్క విభజన కణమూ కనిపించని రోజు రికార్డుకు మరింత విలువ ఉంటుంది. ఆ రోజున పాఠ్యపుస్తకంలోని బొమ్మలు దించడం అబద్ధం రాయడమే. విభజన జరిగేది కొన నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లలోనే. పైనుంచి కత్తిరించి ఉంటే అన్నీ పొడుగాటి, విభజన ఆగిపోయిన కణాలే వస్తాయి. వేళ్లు మరీ ముదిరి ఉండొచ్చు. ఎండ ముదిరే రోజుల్లో గ్లాసులో నీళ్లు వేడెక్కి, మార్చకపోతే కొనలు మెత్తబడి కుళ్లుతాయి. ఆమ్లంలో చాలినంతసేపు ఉంచకపోతే కణాలు విడిపోక గుట్టగా ఉండిపోతాయి. వీటిలో ఏది అసలు కారణమో స్లైడే కొంత చెబుతుంది: కణాలు పొడుగ్గా ఉన్నాయా, గుట్టగా ఉన్నాయా, రంగు అసలే పట్టలేదా అన్నది చూసి కారణాన్ని వడపోయవచ్చు. తర్వాతి వారం ఒక్క మార్పు మాత్రమే చేసి మళ్లీ చూడాలి. రెండు మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

కొలత లేని బొమ్మ సగం బొమ్మే

కణం ఎంత పెద్దదో చెప్పని బొమ్మ అసంపూర్ణం. దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పది రెట్ల అక్షికటకం, పది రెట్ల వస్తుకటకం కలిస్తే వందరెట్లు. ఈ స్థితిలో పారదర్శక ప్లాస్టిక్ స్కేలును స్లైడు స్థానంలో పెట్టి చూస్తే కనిపించే వృత్తం వ్యాసం మిల్లీమీటర్లలో తెలుస్తుంది. అది 1.8 మిల్లీమీటర్లు ఉండి, ఉల్లిపొర కణాలు ఆ వ్యాసం పొడవునా ఆరు పట్టాయనుకుంటే, ఒక్కో కణం పొడవు 0.3 మిల్లీమీటర్లు. ఈ లెక్క ఒకసారి రికార్డు మొదటి పేజీలో రాసుకుంటే, అదే సూక్ష్మదర్శినితో ఏడాదంతా చేసే ప్రయోగాలన్నిటికీ పనికొస్తుంది.

మరి రెండు ప్రయోగాలు

కణం నుంచి నీరు బయటికి పోయి లోపలి పదార్థం ముడుచుకోవడాన్ని రియో ఆకు ఊదారంగు పొరలో చూపిస్తారు. ఎర్ర ఉల్లిపొర కూడా సరిపోతుంది. 17.1 గ్రాముల చక్కెరను నీటిలో కరిగించి మొత్తం 100 మిల్లీలీటర్లు చేస్తే 0.5 మోలార్ ద్రావణం వస్తుంది. దాన్ని పలచబరిచి 0.4, 0.3, 0.2, 0.1 ద్రావణాలు తయారుచేసి, ఒక్కోదానిలో ఎన్ని కణాలు ముడుచుకున్నాయో లెక్కించాలి. సుమారు సగం కణాలు ముడుచుకోవడం మొదలుపెట్టిన గాఢత కణరసం గాఢతకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ నీటి వివరం కీలకం. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువగా ఉండే ఊళ్లలో, స్వేదన జలానికి బదులు బోరు నీళ్లు వాడితే ఫలితం మారవచ్చు. రెండు నీళ్లతోనూ చేసి పోల్చడం ఒక మంచి చిన్న పరిశోధన. ముడుచుకున్న పొరను తిరిగి మంచినీళ్లలో వేసినప్పుడు కణాలు కోలుకున్నాయో లేదో తప్పక రాయాలి. కోలుకుంటే బతికున్నట్టు.

గద్వాల నడిగడ్డ పత్తి విత్తనోత్పత్తికి పేరు. సాయంత్రం మొగ్గలోని కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున మగ మొక్క పుప్పొడి అద్దే క్రాసింగ్ పని అక్కడి విద్యార్థులకు ఇంటి పనే. ఆ పుప్పొడినే స్లైడుపై వేసి అసిటోకార్మిన్ చుక్క వేస్తే జీవం ఉన్న రేణువులు ముదురు రంగు పట్టి, లేనివి పాలిపోయి కనిపిస్తాయి. పొద్దున తెచ్చిన పుప్పొడికీ మధ్యాహ్నం దాకా ఎండలో ఉన్న పుప్పొడికీ తేడా ఉందా అన్న ప్రశ్నను రికార్డులో పెట్టుకొని లెక్కిస్తే, పొలంలో పెద్దలు పాటించే వేళకు కారణాన్ని విద్యార్థి స్వయంగా పరీక్షించినట్టవుతుంది.

నిజాయితీకి కొన్ని నియమాలు

రాత స్లైడు ముందే సాగాలి. ఇంటికి వెళ్లి గుర్తుచేసుకొని రాస్తే జ్ఞాపకం పాఠ్యపుస్తకంవైపు జారుతుంది. పేజీలకు ముందే నంబర్లు వేయాలి, ఏ పేజీ చింపకూడదు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైనది రాయాలి, కింద ఉన్నది చదవగలిగేలా ఉండాలి. రఫ్ బుక్కులో ముందు రాసి ఫెయిర్ రికార్డులో ఎక్కించే పద్ధతి ఉన్నచోట, అంకెలు, విఫలమైన ప్రయత్నాలు కూడా ఎక్కాలి.

ఒక సూక్ష్మదర్శినిని నలుగురైదుగురు పంచుకునే ప్రయోగశాలల్లో స్లైడు ఎవరు చేశారు, లెక్క ఎవరు పెట్టారు అన్నది రాయాలి. ఇద్దరు ఒకే దృశ్యాన్ని ఒకరిదొకరికి చూపకుండా లెక్కించి, తర్వాత పోల్చుకోవాలి. ఒకరికి 24, మరొకరికి 17 వస్తే, ఏ కణాలను ప్రథమ దశగా తీసుకోవాలో ఇద్దరూ ఒక నిర్వచనానికి రావాల్సి ఉంటుంది. ఆ చర్చా, కుదిరిన నిర్వచనమూ రికార్డుకెక్కాలి. సమీక్ష విద్యార్థి ఆలోచించే భాషలోనే సాగనివ్వాలి. తెలుగు వాక్యంలో ప్రోఫేజ్, మెటాఫేజ్ అని రాసినా నష్టం లేదు.

మార్కులు, వైవా

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో బోటనీకి, జువాలజీకి మార్కులు ఉంటాయి. ఎగ్జామినర్ రికార్డు చూసి, వైవాలో ప్రశ్నలు అడుగుతారు. సరైన ఫలితానికే మార్కు ఇస్తే విద్యార్థి సరైన ఫలితాన్నే రాస్తాడు, చూసినా చూడకున్నా. అందుకే రికార్డు దిద్దే అధ్యాపకుడు కొంత విలువను కారణానికి కేటాయించాలి: తేడాను గుర్తించాడా, పరీక్షించదగిన కారణం చెప్పాడా, మార్పు ప్రతిపాదించాడా అని చూడాలి. సంతకం పక్కన ఒక్క ప్రశ్న రాసినా చాలు. వచ్చేవారం విద్యార్థి దానికి జవాబు రాస్తాడు. ప్రాక్టికల్ తరగతి చివర పదిహేను నిమిషాలు సమీక్షకు కేటాయిస్తే ఇది అదనపు భారం కాదు.

ఇలా రాసిన రికార్డు పరీక్షలోనూ అక్కరకొస్తుంది. ఆమ్లంలో ఎందుకు వేడిచేస్తారు, వేరు కొననే ఎందుకు తీసుకుంటారు, నీ లెక్క ఎందుకు అంత వచ్చింది అన్న వైవా ప్రశ్నలకు కంఠస్థం చేసిన జవాబు చాలదు. వాటికి జవాబు విద్యార్థి తన పేజీల్లో ముందే వెతికి, రాసి పెట్టుకొని ఉంటాడు.