రహదారిపై దెబ్బ - రచ్చబండపై రాజీ

కరీంనగర్: రాజీవ్ రహదారి మీద సుల్తానాబాద్, పెద్దపల్లి వైపు రాకపోకలు సాగించే వారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఊరి బాట నుంచి మోటారు సైకిలు పెద్ద రోడ్డెక్కుతుంది. వెనుక నుంచి లారీ వస్తుంది. డ్రైవరు బ్రేకు తొక్కేలోగానే అంతా అయిపోతుంది. బండి నడిపిన భర్తకు చెయ్యి, వెనుక కూర్చున్న భార్యకు కాలు విరుగుతాయి. జనం పోగవుతారు. లారీ ఓనరుకు ఫోను పోతుంది. పొద్దుగూకే సరికి ఊళ్లో పెద్దమనుషులు కూర్చుంటారు. దవాఖాన ఖర్చుల కింద 20 వేలో, 30 వేలో చేతిలో పడతాయి. 'ఇక మాకు ఏ కేసూ లేదు' అన్న కాగితం మీద వేలిముద్ర పడుతుంది.

నాట్ల కాలం వచ్చేసరికి అసలు సంగతి తెలుస్తుంది. రాడ్డు వేసిన కాలితో ఆమె బురదలో దిగలేదు. కైకిలి పోతుంది. అప్పుడు ఎవరో కోర్టు సంగతి చెబుతారు. తీరా వకీలు దగ్గరికి వెళితే ఆయన అడిగే మొదటి ప్రశ్న 'ఎఫ్.ఐ.ఆర్. ఏదీ?' అని. అది ఉండదు. దవాఖానలో చేర్చిన రోజున కేసెందుకులే అని 'బండి మీది నుంచి జారి పడింది' అని రాయించి ఉంటారు. కొందరైతే నాటు కట్టు కట్టించుకుంటారు, దానికి రశీదే ఉండదు. కాగితం లేనిదే కాలు విరిగినట్టు కూడా కాదన్నమాట! ఏ లారీ కొట్టిందో, ఆ దెబ్బ వల్లే కాలు పోయిందో లేదో రుజువు చేసుకునే భారమంతా చివరికి గాయపడిన వారి నెత్తినే పడుతుంది.

ఊరి బాట పెద్ద రోడ్డులో కలిసే చోట పెద్ద రోడ్డు మీది బండికే ముందు దారి ఇవ్వాలన్నది నియమం. అందుకే 'తప్పు మీదే, అడ్డంగా వచ్చారు' అని ఓనరు దబాయిస్తే మనవాళ్లు జంకుతారు. ఆ జంకు అనవసరం. లారీ అతివేగంగా వచ్చిందా, ఎడమ వరుస నుంచి కుడికి సైగ చేయకుండా మళ్లిందా అన్నది కూడా ట్రిబ్యునల్ చూస్తుంది. ఇద్దరిదీ తప్పుంటే నడిపిన వాని వాటా మేరకు పరిహారంలో కోత పెడుతుందే తప్ప మొత్తం కొట్టేయదు. ఇక వెనుక కూర్చున్న ఇల్లాలి మాట వేరు. బండి ఆమె నడపలేదు. రెండు బండ్ల తప్పిదం వల్ల గాయపడిన మనిషి ఏ ఒక్కరి నుంచైనా మొత్తం పరిహారం రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. భర్త తప్పును సాకుగా చూపి ఆమె నోరు మూయించడం కుదరదు.

లెక్క ఎట్లా కడతారు?

పరిహారమంటే దవాఖాన బిల్లులే అనుకోవడం పొరపాటు. పోయిన సంపాదనే అందులో పెద్ద పద్దు. ఉదాహరణకు 38 ఏళ్ల మనిషి నెలకు 10 వేలు సంపాదిస్తున్నాడనీ, గాయం వల్ల సంపాదించే శక్తి 40 శాతం తగ్గిందనీ అనుకుందాం. 2009లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన పట్టిక ప్రకారం 36-40 ఏళ్ల వారికి ఏడాది ఆదాయాన్ని 15తో హెచ్చవేస్తారు. లక్షా 20 వేలను 15తో హెచ్చిస్తే 18 లక్షలు. అందులో 40 శాతం 7 లక్షల 20 వేలు. దవాఖాన ఖర్చు, పడిన బాధకు ఇచ్చేది దీనికి అదనం. రచ్చబండ దగ్గర ఇచ్చిన 30 వేలు ఎక్కడ, ఇదెక్కడ?

ఈ శాతం దగ్గరే చాలామంది మోసపోతున్నారు. డాక్టరు సర్టిఫికెట్టులో రాసే వైకల్యం వేరు, బతుకుతెరువుకు తగిలే దెబ్బ వేరు. ఈ తేడాను 2010లో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. కుర్చీలో కూర్చునే గుమాస్తాకూ, నాగలి పట్టే రైతుకూ కాలి విలువ ఒకటి కాదు కదా. కాలు పోగొట్టుకున్న ఓ యువ కూరగాయల వ్యాపారి కేసులో 2014లో అదే కోర్టు ఆయన సంపాదనా శక్తి 85 శాతం పోయిందని లెక్కగట్టింది. జీతం రశీదు లేకున్నా నెలకు 6,500 రూపాయల ఆదాయం ఒప్పుకుంది. కైకిలి చేసుకునే వారికి చీటీ ఎవరిస్తారన్న దిగులు వద్దు.

దరఖాస్తు పెట్టడానికి ప్రమాదం జరిగిన చోటికే పోనక్కరలేదు. ఇచ్చోడ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిపై దెబ్బ తగిలిన జగిత్యాల వాసి తన జిల్లా ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణతో గడువు ఆరు నెలలైంది. దానిపై వ్యాజ్యాలు నడుస్తుండగా, గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆలస్యం చేస్తే సాక్షులు చెదిరిపోతారు.

అదే సవరణ కింద, తప్పెవరిదన్న విచారణ లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. కంపెనీ ముందుకొచ్చి ఇస్తానన్నప్పుడు దాన్ని పుచ్చుకుంటే ట్రిబ్యునల్‌లోని పెద్ద దావా రద్దవుతుంది. సంతకం చేసే ముందు పైన చెప్పిన లెక్క ఒకసారి కట్టుకోవాలి. కొట్టిన బండి ఆపకుండా పారిపోయి, నంబరు దొరక్కపోతే, తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఇచ్చే పథకం వేరే ఉంది.

సర్కారు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వీటన్నిటికీ వేరు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డుపై ఆర్టీసీ బస్సు బోల్తాపడి 60 మందికి పైగా చనిపోయినప్పుడు ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 5 లక్షల చొప్పున ప్రకటించింది. అది సర్కారు సాయం. ట్రిబ్యునల్‌లో అడిగేది హక్కు. ఒకటి అందినంత మాత్రాన రెండోది అడగకూడదని లేదు.

వకీలు ఫీజుకు భయపడేవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా పెడతారు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు ఎఫ్.ఐ.ఆర్. నకలు, దవాఖాన చీటీలు, మందుల రశీదులు, లారీ నంబరు, దాని ఇన్సూరెన్సు కాగితం దొరికితే అదీ పట్టుకుపోవాలి. లారీ నంబరును మాత్రం పెద్దమనుషులు వచ్చేలోగానే రాసిపెట్టుకోవాలి.