ఆగిన రోజున ఏం తీర్మానించుకోవాలి?

సూళ్లూరుపేట దాటి పులికాట్ సరస్సు మీదుగా వెళ్లే రోడ్డు పట్టుకుంటే శ్రీహరికోట వస్తుంది. ఒకవైపు సరస్సు, మరోవైపు బంగాళాఖాతం. 1971 నుండి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధవన్ పేరు పెట్టినా, ఈ తీరం వాళ్లకు అది ఇప్పటికీ 'షార్'.

2019 జూలై 15 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు చంద్రయాన్-2 అక్కడి నుండి బయలుదేరాలి. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా కౌంట్‌డౌన్ ఆపేశారు. రాకెట్‌లో ఏదో లోపం కనిపించింది. దేశమంతా చూస్తుండగా ఆపడం తేలికైన పని కాదు. కానీ ఆపారు, చూశారు, సరిచేశారు. వారం తిరిగేసరికి, జూలై 22 మధ్యాహ్నం, అది నింగికెగిసింది. ఆగిన ఆ వారం కూడా ప్రయాణంలో భాగమే.

మన బ్రతుకులోనూ అలా ఆగే రోజు ఉండాలని దేవుడు ముందే ఏర్పాటు చేశాడు. అయితే ఆ రోజు ఏ వారంలో రావాలన్న వాదన జోలికి మేము పోవడం లేదు. చాలామంది విశ్వాసులకు ఆదివారం ఆరాధన, సండే స్కూలు, గృహ ప్రార్థనలతోనే గడిచిపోతుంది. ఇంట్లో నిమ్మళంగా ఉండే రోజు వారాంతపు సెలవో, పండుగ సెలవో, షిఫ్టు మారేటప్పుడు దొరికే ఒక పూటో కావచ్చు. అది దొరికినప్పుడు ఏం చేయాలి? రాబోయే రోజుల కోసం ఆత్మీయంగానూ, మన చేతుల్లో దేవుడు పెట్టిన కళ విషయంలోనూ ఎలాంటి తీర్మానాలు చేసుకోవాలి? ఈ వారం మనం ఆలోచించవలసింది ఇదే.

ముందు వాక్యంలోని వరుసను గమనిద్దాం. ఆరవ దినాన నరుడు సృజించబడ్డాడు. ఏడవ దినాన దేవుడు విశ్రమించాడు. అంటే దేవుడు పని చేసి విశ్రమించాడు గాని, నరుడికి మాత్రం తెల్లారిన మొదటి పూర్తి దినమే విశ్రాంతి దినం. అతడు అప్పటికి ఏమీ సాధించలేదు. విశ్రాంతి అతనికి కూలిగా రాలేదు, బహుమానంగా వచ్చింది. మనం దీన్ని తిరగేసి, పని అంతా అయ్యాక మిగిలితే విశ్రాంతి అంటాం. పని ఎప్పటికీ అవదు కాబట్టి విశ్రాంతి ఎప్పటికీ మిగలదు.

నిర్గమకాండము 31వ అధ్యాయం ఇంకో సంగతి చెబుతుంది. ప్రత్యక్ష గుడారపు పని కోసం దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచి తన ఆత్మతో నింపాడు. అతడు రాజు కాదు, ప్రవక్త కాదు. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, కర్రతో పనిచేసే చేతిపనివాడు. అతనికి తోడుగా అహోలీయాబును ఇచ్చాడు. ఆ పనుల జాబితా ముగియగానే 12వ వచనం నుండి దేవుడు చెప్పినది విశ్రాంతి దినం గురించే. 35వ అధ్యాయంలో మోషే ఆ మాటలు ప్రజలకు చెప్పేటప్పుడు వరుస మారింది. మొదట విశ్రాంతి దినం, ఆ తర్వాత కానుకలు, చేతిపనులు. దేవుని మందిరం కట్టే పనివాడైనా ఆగవలసిందే అన్నది ఇక్కడ స్పష్టం. సంఘపు పని అని, పరిచర్య అని చెప్పి ఒక్క రోజూ ఆగని మనం ఈ రెండు అధ్యాయాలను మరోసారి చదవాలి.

విశ్రాంతి రోజును మనం రెండు విధాల పోగొట్టుకుంటాం. ఒకటి, ఫోను చేతిలోకి తీసుకుంటే సాయంత్రమైపోవడం. శరీరం మంచం మీద ఉంటుంది, మనసు మాత్రం పది ఊళ్లు తిరిగి అలసిపోతుంది. రెండవది దీనికి తలకిందులు. ఖాళీ దొరికింది గదా అని పెద్ద జాబితా రాయడం. ఏడాదిలో బైబిలంతా చదవాలి, తెల్లవారకముందే లేవాలి, కీబోర్డు నేర్చుకోవాలి, పాటలు రాయాలి. జనవరి ఒకటిన రాసిన అలాంటి జాబితాలు సంక్రాంతి నాటికి ఎక్కడున్నాయో మనకు తెలుసు. యాకోబు తన పత్రిక 4వ అధ్యాయంలో రేపటి వ్యాపారాన్ని లెక్కలు కట్టుకునేవారిని హెచ్చరించాడు. ఆలోచన చేయవద్దని కాదు, ప్రభువు చిత్తమైతే అన్న మాట మరచి చేయవద్దని.

మరి ఎలా చేయాలి? ముందటి సాయంత్రం నుండే మొదలుపెడదాం. ఆదికాండము దినాన్ని సాయంకాలంతోనే లెక్కపెడుతుంది. ఆ రాత్రి త్వరగా పడుకోవాలి. ఏలీయా బదరీ వృక్షం కింద చావు కోరుకున్నప్పుడు దేవుడు అతనికి ముందు నిద్రను, రొట్టెను, నీళ్లను ఇచ్చాడు. ఆజ్ఞ ఆ తర్వాతే వచ్చింది. అలసిన మనసుతో చేసిన తీర్మానం చాలాసార్లు భయంలోంచో, పోలికలోంచో పుడుతుంది.

నిద్ర తీరాక, ఒక అరగంట ప్రార్థనలో కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకుందాం. గడిచిన రోజుల్లో దేవుడు చేసిన ఏ మేలుకు నేను ఇంకా కృతజ్ఞత చెప్పలేదు? మోషేను అడిగినట్టు, నా చేతిలో ఇప్పుడు ఏముంది? దానివల్ల ఎవరికి మేలు జరగాలి?

ఆ జవాబుల నుండి రెండే తీర్మానాలు రాసుకుందాం. ఒకటి ఆత్మీయమైనది, ఒకటి చేతిపనికి సంబంధించినది. హబక్కూకుకు దేవుడు దర్శనాన్ని పలకల మీద స్పష్టంగా రాయమన్నాడు. మనకు నోటుపుస్తకంలో రెండు వరుసలు చాలు. అవి చిన్నవిగా, చేయగలిగేవిగా ఉండాలి. ఉదాహరణకు 23వ కీర్తనలో ఆరు వచనాలున్నాయి. రోజుకొకటి చొప్పున కంఠతా పడితే ఆరు పనిదినాలు సరిపోతాయి. మార్కు సువార్త పదహారు అధ్యాయాలు, రోజుకొకటి. ఇక చేతిపని అంటే పాట కట్టడం ఒక్కటే కాదు. అమ్మమ్మ ఎలా విశ్వాసంలోకి వచ్చిందో అడిగి ఆమె మాటల్లోనే రాసిపెట్టడం, సండే స్కూలు పిల్లలకు బొమ్మలు గీయడం, కుట్టు మిషను తెలిసినవారు ఒక పేద బిడ్డకు గౌను కుట్టడం, ఇవన్నీ బెసలేలు పనులే. అయితే ఆ పని ఆ రోజే మొదలుపెట్టనక్కర లేదు. రాసుకుని, దేవునికి అప్పగించి, పుస్తకం మూసేద్దాం. పని రేపటిది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. మన ఇళ్లలో సెలవు రోజంటే అమ్మకు రెట్టింపు పని. ఉదయం టిఫిను, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం చుట్టాలు. అందరూ విశ్రమిస్తుంటే ఆమె పొయ్యి దగ్గర నిలబడుతుంది. పదాజ్ఞలలో విశ్రాంతి గురించిన ఆజ్ఞ కుమారుని, కుమార్తెను, దాసుని, దాసిని, పశువును, పరదేశిని కూడా లెక్కలోకి తీసుకుంది. భార్య పేరు అందులో లేదుగా అని ఎవరైనా అంటే, 'నీవు' అన్న మాటలోనే ఆమె ఉందని మనం చెప్పాలి. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం ఇంకా లోతుగా, ఐగుప్తులో మీరు దాసులై ఉన్నారని గుర్తుచేస్తుంది. కాబట్టి ఆ రోజు పప్పు, పచ్చడి, పెరుగుతో సరిపెట్టుకుందాం. గిన్నెలు మగవాళ్లు, పిల్లలు కడగాలి. ఆమెకు కూడా తన నోటుపుస్తకంతో ఒక అరగంట దొరకాలి. ఇంకొకరి అలసట మీద కట్టిన తీర్మానాన్ని దేవుడు ఆశీర్వదిస్తాడని మనం అనుకోకూడదు.

శ్రీహరికోట చుట్టూ ఉన్న తీరంలో మరో విధమైన ఆగిపోవడం కూడా ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మోటారు పడవలు, మర పడవలతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఆ రోజుల్లో వలలు బాగుచేసుకుంటారు, పడవలకు మరమ్మతులు చేస్తారు. యేసు ప్రభువు పిలిచినప్పుడు జెబెదయి కుమారులు కూడా దోనెలో వలలు బాగుచేసుకుంటూనే ఉన్నారు. వల బాగుచేయడం వేట కాదు, సోమరితనమూ కాదు. విశ్రాంతి దినాన మన తీర్మానం అలాంటిదే కావాలి. కాకపోతే ఆ 61 రోజులు గంగపుత్రులకు పూర్తి విశ్రాంతి కాదు, రాబడి ఆగిన దిగులు కూడా ఉంటుంది. అలాంటి కుటుంబాలు మన సంఘంలో ఉంటే, వారి బియ్యం డబ్బా సంగతి చూడటం కూడా మన తీర్మానాల్లో ఒకటి కావాలి.

తీర్మానం ఫలించడానికి సమయం పడుతుందని నెల్లూరు సంఘాల చరిత్రే సాక్ష్యం. 1854 జనవరి 1న నెల్లూరు మిషనెరీ లైమన్ జూయెట్ దొర, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద తెల్లవారుజామున ప్రార్థించారు. ఆ ప్రాంతానికి ఒక సేవకుని పంపమని అడిగారు. జాన్ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడింది 1866లో. గుండ్లకమ్మ ఏటిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందింది 1878 జూలై 3న. కొండ మీద ఆ ఉదయం ప్రార్థించినవారి చేతిలో ప్రార్థన తప్ప ఏమీ లేదు.

ప్రియులారా, వచ్చే సెలవు రోజున ఫోను కాసేపు పక్కన పెట్టి, ముందు నిద్రపోదాం. లేచి దేవునికి స్తోత్రం చెప్పి, రెండు వరుసలు రాసుకుందాం. వాటి కింద 'ప్రభువు చిత్తమైతే' అని రాద్దాం. ఆ తర్వాత ఇంట్లో అందరూ కలిసి తీరిగ్గా అన్నం తిందాం.