అతుకు లేని బలం

వీణకు పేరుపడిన బొబ్బిలి సీమలో పేరు రాని కొయ్యపని ఇంకోటి ఉంది. అది దుడ్డుకర్ర. మొక్కను ఎంచుకోవడం దగ్గర నుంచి నూనె పట్టించడం దాకా ఈ పనిలో మనిషి చేసేది తక్కువ, చెట్టుకు వదిలేసేది ఎక్కువ.

బొబ్బిలి అనగానే ముందు వీణ, వెంటనే యుద్ధం గుర్తొస్తాయి. వాటి నడుమ ఎవరూ పెద్దగా పట్టించుకోని వస్తువు కర్ర. పశువుల కాపరి భుజం మీద, జాతరలో సాముగరిడీ కుర్రాళ్ల చేతుల్లో, గట్టు దిగే ముసలాయన గుప్పిట్లో అదే కనిపిస్తుంది. ‘కర్ర గలవాడిదే బర్రె’ అని సామెత కట్టుకున్నాం గానీ, ఆ కర్ర ఎలా తయారైందని అడిగినవాళ్లు తక్కువ.

ఈ ప్రాంతపు కొయ్యపనులను పక్కపక్కన పెట్టి చూస్తే అన్నిటికీ ఒకటే సూత్రం కనిపిస్తుంది. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీకులు తరతరాలుగా చేస్తున్న ఏకాండీ వీణ ఒకే పనస దుంగలోంచి పుడుతుంది. విజయనగరం పైడితల్లి ఉత్సవంలో ఊరేగించే సిరిమాను మొత్తంగా ఒకే చింతమాను. దుడ్డుకర్ర అయితే ఒకే మొక్క. మూడింట్లోనూ అతుకుండదు. వీణ కోసం కొయ్యను తొలిచి నాదానికి చోటిస్తారు, కర్ర కోసం ఏమీ తొలవకుండా దెబ్బకు నిలబెడతారు.

చూపుతోనే సగం పని

మంచి కర్ర చెట్టు మీదే తయారై ఉంటుంది. బయలున ఒంటరిగా పెరిగిన మొక్క నాలుగు దిక్కులా కొమ్మలు వేస్తుంది, కొమ్మ పుట్టిన ప్రతిచోటా ఒక కణుపు మిగులుతుంది. పొదల మధ్య ఒత్తుగా, వెలుతురు కోసం పోటీ పడి పెరిగిన మొక్క నిటారుగా సాగుతుంది. అందుకే చేయి తిరిగినవాడు తోపు అంచును వదిలి లోపల వెతుకుతాడు.

దుడ్డుకర్రకు ప్రాణం దాని చివరనుండే బుడిపె. కాండంలో నార పొడవునా సమాంతరంగా పారుతుంది కాబట్టి గొడ్డలి వేటుకు నిలువునా చీలుతుంది. వేళ్లు నాలుగు వైపులా చీలే మొదలు దగ్గర అదే నార ఒకదానిలో ఒకటి అల్లుకుపోతుంది. ఆ ముడి అంత తేలిగ్గా చీలదు. అందుకే బుడిపె కావాలంటే మొక్కను నేలమట్టానికి నరకరు, మొదలు చుట్టూ తవ్వి వేళ్లతో సహా తీస్తారు. బుడిపె నుంచి పిడి దాకా నార ఎక్కడా తెగకపోవడమే దాని బలం.

కొయ్య ఎంపిక పనిని బట్టి మారుతుంది. రోకళ్లకు వాడే సండ్ర బరువైనది, గట్టిది. గానుగలకు, కొయ్య సుత్తులకు వాడే చింత దెబ్బకు ఓర్చుకుంటుంది. తుమ్మ ఊరిచుట్టూ దొరుకుతుంది. కర్రసాముకు మాత్రం వెదురే కావాలి. అందులోనూ లోపల బోలు తక్కువుండే సాదనపు వెదురును, మూడేళ్లు దాటి ముదిరాక కొడతారు. వానలు వెనకబట్టాక కొట్టమని పెద్దలు చెప్పేదానికి కారణముంది. గడలో పిండిపదార్థం తక్కువగా ఉన్నప్పుడు కొడితే పుచ్చు పురుగు అంతగా పట్టదు.

ఆరబెట్టడమే అసలు పరీక్ష

కొట్టిన రోజున కర్ర బాగానే ఉంటుంది. ఆరేటప్పుడే దాని గుణం బయటపడుతుంది. పచ్చికొయ్యలో తేమ సుమారు 30 శాతానికి దిగాక కొయ్య కుంచించుకోవడం మొదలుపెడుతుంది. చుట్టుకొలతలో ఎంత కుంచించుకుంటుందో, కేంద్రం వైపు అందులో సుమారు సగమే కుంచించుకుంటుంది. ఈ తేడా వల్లే నడిమి గుండెతో సహా ఉన్న గుండ్రటి కర్ర మీద నిలువు పగుళ్లు వస్తాయి. పైగా తేమ పక్కల కంటే కోసిన చివరల నుంచి చాలా వేగంగా పోతుంది.

దీనికి మందు తొందరపడకపోవడమే. బెరడు ఒలవకుండా ఉంచుతారు. రెండు చివరలకూ మైనమో పేడో మెత్తి, గాలాడే నీడలో పెడతారు. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగుల మోటు లెక్క. ఎండలో పెడితే వారానికే ఆరినట్టు కనిపిస్తుంది, ఆ పైవారం పగులుతుంది.

నిప్పు, నూనె

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటాం. కర్ర చేసేవాడికి నిప్పు ఇంకో అవకాశం ఇస్తుంది. కొయ్యలో నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం తేమతో కూడిన వేడికి మెత్తబడుతుంది. వంకర ఉన్నచోట సెగ చూపించి, చెట్టు పంగలో ఇరికించి, ఎదురు దిశగా వంచి, చల్లారేదాకా అలాగే పట్టి ఉంచితే కర్ర ఆ రూపాన్నే నిలుపుకుంటుంది. సెగ మితిమీరితే నార మాడుతుంది, అక్కడే విరుగుతుంది.

ఆ తర్వాత బాడిసతో బుడిపెకు రూపమిస్తారు, ఆకురాయితో గరుకులు తీస్తారు, గాజుపెంకుతో గీకుతారు. ఉప్పుకాగితం రాకముందు ఈ పనికి గరుకైన బరింకాకు ఉండేది. చివరగా నూనె. ఆముదం కొయ్యలో ఇంకుతుంది గానీ గట్టిపడదు, అందుకే మళ్లీమళ్లీ పట్టించాలి. అవిసెనూనె గాలికి ఆరి పొరకడుతుంది. నేల తాకే చివర చిట్లకుండా, రోకలికి వేసినట్టే ఇనప పొన్ను వేస్తారు.

గరిడీ నుంచి జాతర దాకా

బొబ్బిలి యుద్ధానికీ సిరిమాను జాతరకూ ఒక ముడి ఉంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోట కూలింది. బొబ్బిలి యోధుడు తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు హతుడయ్యాడు. ఆ రాజు చెల్లెలే పైడితల్లి అమ్మవారై వెలిసిందని జనం నమ్మిక. విజయదశమి తర్వాతి మంగళవారం జరిగే ఆమె ఉత్సవానికి సిరిమాను ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందంటారు. చెట్టును వెతికి గుర్తుపట్టడం అక్కడ కూడా పనికి మొదటి మెట్టు.

ఇక గరిడీ సంగతి. 1878 ఆయుధాల చట్టం తుపాకీతో పాటు కత్తికీ, ఈటెకూ లైసెన్సు అడిగింది. కర్రను అడగలేదు. పల్లె గరిడీల్లో సాము నిలవడానికి అదీ ఒక దన్ను. బొబ్బిలికి దూరం కాని వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు ఈ వ్యాయామ వాతావరణంలోంచే వచ్చి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్నాడు.

కర్రకు ఇంకో ముఖమూ ఉంది. కర్నూలు జిల్లా దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవంలో ఇనప కట్లు వేసిన కర్రలు లేస్తాయి, తలలు పగులుతాయి. సాములో గురువు మొదట నేర్పేది కాచుకోవడమే. ఆ అదుపు లేని కర్రకు ఎంత మంచి నార ఉన్నా గౌరవం లేదు.

దూరదేశాల వాళ్లదీ ఇదే తెలివి. ఐర్లండువాళ్లు ముళ్లపొద వేరు బుడిపెతో షిలేలీ అనే దుడ్డుకర్ర చేసి, వెన్న పూసి, పొగగొట్టంలో ఆరబెట్టేవారు. ఫిజీ దీవుల వునికావు గద వేళ్లతో పెకలించిన మొక్కే. ఒకరినొకరు చూసి నేర్చుకున్నవారు కారు, అందరికీ పాఠం చెప్పింది నారే.

ఇక మీదట

వేళ్లతో తీసిన ప్రతి బుడిపె కర్రకూ ఒక మొక్క చస్తుంది. అడవిలో ఆ పని చట్టం ఒప్పుకోదు కూడా. దారి మాత్రం మూసుకుపోలేదు. వెదురు కొడితే పొద చావదు, కొత్త గడలు వేస్తూనే ఉంటుంది. అటవీ భూమి కాని చోట పెంచిన వెదురును అటవీ చట్టానికి చేసిన 2017 సవరణ ‘చెట్టు’ అన్న నిర్వచనం నుంచి తప్పించింది కూడా. సాము నేర్పే ప్రతి ఊరూ చెరువు గట్టున ఓ సాదనపు వెదురు పొద పెంచుకోవచ్చు. వీణకు పనస, సిరిమానుకు చింత నాటడమూ అంతే అవసరం. ఉలి పట్టే చేతులకు శిక్షణ ఇచ్చే పథకాలు వస్తే మంచిదే. కానీ ఒంటి మాను మీద బతికే పనులకు ముందు కావలసింది మాను. దాన్ని పాతికేళ్ల ముందే ఎవరో ఒకరు నాటి ఉండాలి.